మార్జిన్ ఓబులేసు

ఉరవకొండ చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా శుభలేఖ ఓబులేసు అంగట్లో తయారు కావలసిందే. బస్టాండు నుంచి కాలేజీకి పోయే దారిలో ఎరువుల అంగడికీ చెప్పుల షాపుకీ నడుమ ఇరుక్కున్న గది అది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, పుస్తకాలకు స్పైరల్ వేసే మిషను, తిరుగుతున్నా గాలి రాని ఫ్యాను. బోర్డు మీద పెన్నహోబిలం నరసింహస్వామి బొమ్మ, దాని కింద 'డి.టి.పి., జిరాక్స్, ప్రాజెక్ట్ వర్క్', ఆ కింద ఎర్ర రంగులో 'తప్పులు లేని టైపింగ్'. ఇంత ధైర్యంగా బోర్డు రాయించుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. డాక్టర్లు కూడా అంత మాట రాయించుకోరు.

ఊళ్లో అందరూ అతన్ని మార్జిన్ ఓబులేసు అంటారు. ఏ కాగితం చేతికిచ్చినా ముందు దాని ఎడమ అంచు చూస్తాడు, విషయం తర్వాత చదువుతాడు. లైన్లన్నీ ఒకే గీత మీద మొదలవ్వాలి. ఒక్క లైను పక్కకు జరిగినా, చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నవాడిలా ఇబ్బంది పడిపోతాడు. దాన్ని సరిచేసేదాకా మనం చెప్పేది అతని చెవికెక్కదు.

ఈ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. ఓబులేసుది పక్క పల్లె. ఎర్రనేల, శనక్కాయ పంట, వాన మీద బతుకు. బోరు ఎండిపోయిన ఏడాది వాళ్ల నాయన, "మబ్బును చూసి బతికేది నాతోనే అయిపోనీరా" అని కొడుకును టౌనుకు టైపు నేర్చుకోవడానికి పంపించాడు. ఆ ఇన్‌స్టిట్యూట్ మాస్టరు చేతిలో ఎప్పుడూ స్కేలు ఉండేదట. పిల్లవాడు టైపు కొట్టిన కాగితం తీసుకుని ఎడమ అంచుకు స్కేలు ఆనించి చూసేవాడు. అక్షరం జరిగితే పరీక్షలో మార్కు పోతుందని చెప్పి, ముందుగా తనే వేళ్ల మీద ఒకటి వేసేవాడు. ఓబులేసు తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో లోయరూ హయ్యరూ పాసయ్యాడు. పాసై బయటికి వచ్చేసరికి ఆఫీసుల్లో టైపు మిషన్లు మూలకు పోయాయి, ఉద్యోగం రాలేదు. తాసిల్దారు ఆఫీసు బయట టార్పాలిన్ కింద కూర్చుని అర్జీలు కొట్టడం మొదలుపెట్టాడు.

అక్కడ ఒక సంగతి జరిగింది. నల్లమ్మ అనే ముసలామె పింఛను అర్జీని ఎవరో వంకర టింకరగా కొట్టి ఇస్తే, లోపల ఎవరూ చదవకుండానే తిప్పి పంపించారు. ఓబులేసు అదే అర్జీని, అవే మాటలతో, గీత గీసినట్టు కొట్టి ఇచ్చాడు. ఈసారి తీసుకున్నారు. "అక్షరాలు వరసగా నిలబడితే పెద్ద సార్లు చదువుతారు మేడం. లేదంటే మనల్ని చూసినట్లే దాన్నీ చూస్తారు" అని తర్వాత నాతో అన్నాడు. ఆ నమ్మకంతోనే అంగడి పెట్టాడు, పెళ్లి చేసుకున్నాడు, కూతుర్ని డిగ్రీ దాకా తెచ్చాడు. నన్నడిగితే అందులో నవ్వాల్సింది ఏమీ లేదు. కానీ నేను మొదట అతని పేరు విన్నప్పుడు నవ్వలేదు, కోపంతో ఊగిపోయాను.

నాది రాయదుర్గం. మా నాయన శేషయ్యకు అక్కడ బట్టల అంగడి. నేను కంప్యూటర్లు చదివి, విద్యా సంవత్సరం నడుమ ఉరవకొండలో ఒక కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా చేరాను. ముందున్న సారు వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆయన పైథాన్ అనే కంప్యూటరు భాషను మొత్తం బోర్డు మీదే చెప్పాడు, ల్యాబు తలుపు తెరవలేదు. అంతకుముందు ఏళ్లలో ప్రాక్టికల్ పరీక్ష అంటే ప్రోగ్రాం కాగితం మీద రాసి, నీటుగా ఉన్న రికార్డు చూపించడమే. ఈ ఏడాది పద్ధతి మారింది. అనంతపురం నుంచి ఎగ్జామినర్ వస్తాడు, పిల్లలు ఆయన ముందు మిషన్ మీద ప్రోగ్రాం కొట్టి ఫలితం చూపించాలి. చూపించకపోతే మార్కులు లేవు, డిగ్రీ అక్కడే ఆగిపోతుంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ల్యాబులో మొదటి రోజు అది ముక్కు దాటి నెత్తికెక్కింది. అన్ని మిషన్ల మీదా తప్పుందని చెప్పే ఎర్రక్షరాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పులు చెయ్యడం మామూలే. ఒకరు బ్రాకెట్ మూయడం మర్చిపోతారు, ఒకరు కామా బదులు చుక్క పెడతారు. ఎవరి తప్పు వాళ్లది. ఇక్కడ అలా కాదు, అందరిదీ ఒకే తప్పు. క్లాసంతా కూడబలుక్కుని నన్ను ఏడిపిస్తున్నారా అనిపించింది.

"ఎవరు నేర్పించారు మీకు ఇట్ల?" అని అరిచాను.

ఒకమ్మాయి స్పైరల్ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మాన్యువల్‌లో ఇట్లే ఉండాది మేడం. పాత సారు రాసిచ్చింది ఓబులేసన్న కొట్టిచ్చినాడు. మేమంతా బట్టీ పట్టినాం."

తెరిచి చూశాను. తెల్లటి కాగితం, ఒత్తుగా పడిన అక్షరం, ప్రతి పేజీకీ చుట్టూ గీత. అంత అందమైన తప్పుల పుస్తకం నేను జన్మలో చూడలేదు. వాన ఇరవై మిల్లీమీటర్లు దాటితే విత్తనం వెయ్యమనీ, లేకపోతే ఆగమనీ చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి మొదటి పేజీలోనే ఉంది. పాత సారు దాన్ని ఇలా రాసి ఉంటాడు:

vaana = 30
if vaana > 20:
    print("vittanam veyyi")
else:
    print("aagu")

ఓబులేసు చేతిలో అది ఇలా తయారైంది:

Vaana = 30
If vaana > 20:-
Print(“Vittanam veyyi”)
Else:-
Print(“Aagu”)

ప్రతి లైనుకూ మొదటి అక్షరం పెద్దది చేశాడు. అర్జీలో 'విషయం:-' అని కొట్టే అలవాటు కొద్దీ రెండు చుక్కలు కనిపించినచోటల్లా పక్కన ఒక గీత తగిలించాడు. కొటేషన్ గుర్తులు శుభలేఖలో మాదిరి వంకీలు తిరిగాయి. అన్నిటికంటే పెద్ద ఘోరం, లోపలికి జరిగి ఉండాల్సిన లైన్లన్నిటినీ ఎడమ అంచుకు లాగి నిలబెట్టాడు. పైథాన్‌కు లైను ముందుండే ఆ ఖాళీయే ప్రాణం. ఏ లైను ఏ షరతు కిందికి వస్తుందో ఆ ఖాళీని చూసే తెలుసుకుంటుంది. అది తీసేస్తే దానికి తలా తోకా అర్థం కాదు.

పిల్లలకు చెప్పాను. బోర్డు మీద రాసి చూపించాను. వాళ్లు తల ఊపారు, మళ్లీ ల్యాబులో మాన్యువల్ తెరిచారు. "అచ్చులో అట్ల లేదు గదా మేడం" అన్నారు. అచ్చేసిన కాగితం ముందు, నిన్నగాక మొన్న వచ్చిన గెస్టు లెక్చరర్ మాట ఎంత? అందులోనూ తప్పులు లేని టైపింగ్ అని బోర్డున్న అంగట్లో అచ్చయిన కాగితం.

ఆ క్లాసులో రేఖ అని ఒక పిల్ల ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి. బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం చాక్‌పీసు తీసుకుని, ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో అంత వదిలి, ప్రోగ్రాం చకచకా రాసేసేది. ఫోనులో చూసి సొంతంగా నేర్చుకుందట. అదే పిల్ల ల్యాబులో కూర్చుంటే అందరిలాగే ఎర్రక్షరాలు. నేను నలుగురిలో కసిరాను కూడా. "బోర్డు మీద ఉన్న బుద్ధి మిషన్ దగ్గరికి వస్తే యాడికి పోతాంది నీకు?" అన్నాను. తల దించుకుంది.

ఒకరోజు నేను ల్యాబు వెనక తలుపు నుంచి లోపలికి వచ్చాను. రేఖ ఆ తలుపు దగ్గరే కూర్చుని ఉంది. ఆమె తెర మీద ప్రోగ్రాం శుభ్రంగా నడిచింది. 'vittanam veyyi' అని ఫలితం కూడా వచ్చింది. ఆ పిల్ల ముఖంలో సంతోషం చూశాను. అంతలో పక్క మిషన్ దగ్గరున్న ఐశ్వర్య, "నీది వచ్చిందా?" అంటూ లేచింది. రేఖ గబగబా ఆ ఖాళీలన్నీ చెరిపేసి, లైన్లను అంచుకు లాగి, మళ్లీ నడిపించింది. ఎర్రక్షరాలు వచ్చాయి. "నాకూ రాలేదప్పా" అంది.

క్లాసయ్యాక ఆమెను వరండాలోకి పిలిచి నిలదీశాను. చాలాసేపు చున్నీ కొస నలుపుతూ నిలబడింది.

"నాది వచ్చిందంటే అందరూ ఎట్ల వచ్చిందని అడుగుతారు మేడం. మాన్యువల్‌లో తప్పుండాదని చెప్పాల."

"చెప్పు. దానికేమి?"

"ఆ మాన్యువల్ కొట్టింది మా నాయన మేడం."

ఆ అంగడి బోర్డు కళ్ల ముందు కదిలింది.

"మా నాయన కొట్టిన దాంట్లో తప్పుండాదని ఇంతవరకు ఎవురూ అనలేదు మేడం. మొదట అనేది నేనే కావాల్నా?" అంది. "పరీక్షలో నేను సరిగానే చేస్తా. మా నాయనకు మాత్రం చెప్పొద్దు."

"మిగతావాళ్లు ఏం కావాలి రేఖా? ఐశ్వర్య ఏం కావాలి?"

ఆ సంగతి ఆమెను ఎప్పటినుంచో తినేస్తున్నట్టుంది, కళ్లనిండా నీళ్లు వచ్చాయి. తండ్రిని చిన్నబుచ్చడం ఆమె వల్ల కాదు, స్నేహితుల చదువు పాడైపోతుంటే చూడడమూ వల్ల కాదు. ఎటూ చెప్పుకోలేక తనే తప్పులు కొట్టుకుంటూ కూర్చుంది. నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది, అంతకు రెండింతలు ఆ తండ్రి మీద కోపం వచ్చింది. చెప్పనని నేనేమీ మాటివ్వలేదు. మధ్యాహ్నం క్లాసు లేదు. నేరుగా అంగడికి నడిచాను.

దారంతా తిట్లు కూర్చుకుంటూ పోయాను. ఓబులేసు శుభలేఖ కొడుతున్నాడు. నన్ను చూసి లేచి, ఇంకో కుర్చీ తుడిచి వేశాడు.

"రాండి మేడం. కొత్తగా వచ్చిన పైథాన్ మేడం మీరే గదా? మా పాప మీ గురించి చెప్పినాది. ప్రాజెక్టా?"

"కాదన్నా. మాన్యువల్ గురించి వచ్చినా."

అతని ముఖం వెలిగిపోయింది. "చూసినారా దాన్ని? పాత సారు చేతిరాత, అబ్బబ్బ, ఒక లైను ఈడ, ఒక లైను ఆడ. తాగినోడు నడిచినట్ల ఉండె. కాలేజీ పిల్లోళ్లు చదివేది గదా, ఇట్ల ఉంటే ఎట్ల అని ఒక్కొక్క లైను పట్టుకొచ్చి నిలబెట్టినా. ఆ పనికి దుడ్లు గూడా అడగలేదు మేడం."

కూర్చుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి. అతను పనిలో అశ్రద్ధ చేసిన మనిషి కాదు. శ్రద్ధ ఎక్కువై చేశాడు.

"అన్నా, మీ మిషన్‌లో ఒకసారి పైథాన్ పెడతా. మొదటి పేజీ ప్రోగ్రాం మీరే కొట్టండి" అన్నాను.

నా దగ్గరున్న పెన్ డ్రైవు నుంచి పైథాన్ ఎక్కించాను. ఓబులేసు తెర వైపు చూడకుండానే, పాటకు తాళం వేసినట్టు వేళ్లాడించి కొట్టాడు. నడిపించాం. ఎర్రక్షరాలు వచ్చాయి.

"ఎవురిది తప్పు?" అన్నాడు, మిషన్ పాడైందేమో అన్నట్టు.

ఒక్కొక్కటే చూపించాను. పెద్దక్షరాలు ఇది ఒప్పుకోదన్నాను. "సరే, దాని ఇష్టం" అని చిన్నవి చేశాడు. మాన్యువల్‌లోని వంకీ కొటేషన్లు చూపిస్తే, అది శుభలేఖల సాఫ్ట్‌వేర్ చేసిన పని, తనది కాదన్నాడు. రెండు చుక్కల పక్కన గీత తియ్యమంటే కొంచెం నొచ్చుకున్నాడు. "గీత లేకుంటే బోసిగా ఉండదా మేడం?" అంటూనే తీసేశాడు. మళ్లీ నడిపించాం. ఈసారి ఒక్క లైను ఎర్రగా వచ్చింది. అతను దాన్ని కూడబలుక్కుని పైకి చదివాడు. ఇఫ్ తర్వాత ఇండెంటెడ్ బ్లాక్ ఉండాలి, లేదు అంటోంది.

"ఇండెంటెడ్ అంటే?"

"లోపలికి జరిపిందని. కింద లైనుకు ముందు నాలుగు ఖాళీలు కొట్టాలన్నా."

"మార్జిన్ చెడగొట్టమంటాందా?" అని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి తనూ ఆపేశాడు. "అది మాత్రం నా చేత కాదు మేడం. ఇన్నేళ్ల నుంచి కొడతాండా. ఒక్క కాగితం వంకరగా నా అంగడి దాటలేదు."

"అన్నా, ఇంట్లోవాళ్లు ఎవరు, వీధిలోవాళ్లు ఎవరు అని మనకు ఎట్ల తెలుస్తుంది? గడప లోపల ఉన్నారా, బయట ఉన్నారా అని చూసే కదా? ఈ ఇఫ్ అనేది గడప. వాన పడితేనే చెయ్యాల్సిన పని లోపల ఉండాలి. మీరు అందరినీ తెచ్చి వీధిలో నిలబెట్టేశారు. ఎవరు ఏ ఇంటివాళ్లో దానికి తెలియడం లేదు."

ఓబులేసు తెర మీది లైను దగ్గర వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"అంటే ఈ మిషను మార్జిన్ చూస్తాదా మేడం?"

"చూస్తుంది. అక్షరాలకంటే ముందు దాన్నే చూస్తుంది."

"మా మాస్టరు పోయినంక మార్జిన్‌ను ఇంత పట్టించుకునేవాణ్ణి యాడా చూడలేదు నేను!" అతని గొంతులో ఆనందం. "పెద్ద సార్లకు నీటుగా ఉంటే సాలు. దీనికి ఒక్క అక్షరం జరిగినా తెలుస్తాందే!"

తనే ఖాళీలు కొట్టాడు. ఒక్కొక్కటీ కొడుతుంటే అతని దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది. నడిపించాడు. 'vittanam veyyi' అని వచ్చింది. పరీక్ష పాసైన కుర్రాడిలా తెరకేసి చూశాడు. నేను పకపకా నవ్వాను. మా ఇద్దరి సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"అట్లయితే మాన్యువల్ అంతా..." అని ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. "క్లాసంతా అదే చదువుతాండారు మేడం. మా పాప గూడా ఆ క్లాసే. దానికి ఈ సంగతి తెలుసా?"

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే రేఖ సద్దికారియర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మధ్యాహ్నం తండ్రికి అన్నం తెచ్చేది ఆ పిల్లే. నన్ను చూసింది, తెర చూసింది, కారియర్ బల్ల మీద పెట్టడం కూడా మర్చిపోయి నిలబడిపోయింది.

"నీకు తెలుసా పాపా?" అన్నాడు ఓబులేసు.

రేఖ తల ఊపింది.

"ఎప్పటినుంచి?"

"నువ్వు కొట్టిన రోజు నుంచి తెలుసు నాయనా."

"ఏంటికి చెప్పలేదు? నేను కొడతానా, తిడతానా? ఎన్నడన్నా ఒక మాటంటినా నిన్ను?"

"కోప్పడితే ఏమీ లేదు నాయనా. నువ్వు చిన్నబోతావని" అంది. "మాన్యువల్ బైండింగ్ చేసి ఇంటికి తెచ్చి అమ్మకు చూపిస్తివి. అమ్మకు చదువు రాదు. అయినా పేజీ మీద చెయ్యి పెట్టి, ఎంత చక్కగుండాది, రూళ్లకర్ర పెట్టినట్ల ఉండాది అనె. నువ్వు ఎంత మురిసిపోతివి! నేను పక్కనే ఉంటి. అప్పుడు నాకు నోరు రాలేదు. ఆమీదట చెప్దామంటే ఇంగా రాలేదు."

నాకు కోపం తప్ప ఏదీ త్వరగా రాదనుకునేదాన్ని. ఆ రోజు కన్నీళ్లు దానికంటే ముందే వచ్చాయి. ఓబులేసు కూతురి చేతిలో కారియర్ తీసుకుని పక్కన పెట్టాడు. తను లేచి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. శుభలేఖ ఫైలు మూసేశాడు.

"మేడం, పరీక్షకు ఇంగా టైముండాది గదా? అంతా మళ్లీ కొడతాం. పాపా, నువ్వు చెప్పు, నేను కొడతా" అన్నాడు.

మర్నాడు కాలేజీకి పోతూ చూస్తే అంగడి మీద, సరిగ్గా 'తప్పులు లేని టైపింగ్' అన్న అక్షరాల కింద, ఒక కాగితం అంటించి ఉంది. 'కాలేజీ విద్యార్థులకు విజ్ఞప్తి. పైథాన్ మాన్యువల్‌లో తప్పులు ఉన్నాయి. ఆ తప్పులు నావి. పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకుపోండి. ఇట్లు, ఓబులేసు.' ఎడమ అంచు గీత గీసినట్టుంది. ఎరువుల అంగడి రవికుమార్ బయట నిలబడి ఆటపట్టిస్తున్నాడు.

"ఏమన్నా, ఆ బోర్డు కిందనే అంటిస్తివే! ఇంగో చోటు దొరకలేదా?"

"ఆడనే ఉండాల్లే అప్పా. బోర్డు చదివేవాళ్లకు ఇది గూడా కనపడాల" అన్నాడు ఓబులేసు లోపలి నుంచి, టైపు ఆపకుండా.

సాయంత్రం కొత్త పేజీలు సరిచూడడానికి వెళ్లాను. తండ్రీ కూతుళ్లు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. రేఖ చెబుతోంది, ఓబులేసు కొడుతున్నాడు. ప్రతి లైను దగ్గరా అతని వేలు అలవాటుగా చెరిపే మీట మీదికి పోయేది. పోయి ఆగేది. ముందున్న ఖాళీ చూపించి అడిగేవాడు.

"ఇది పొరపాటా, తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టినా నాయనా."

"అయితే నేను ముట్టుకోను."

మళ్లీ ఇంకో లైను, మళ్లీ అదే ప్రశ్న. విసుక్కోకుండా అడిగాడు, విసుక్కోకుండా చెప్పింది. ఒకచోట మాత్రం రేఖ, "ఇది పొరపాటే నాయనా, ఒక ఖాళీ ఎక్కువ పడింది" అంది. అతనికి ఎంత సంతోషమో! చిటికెలో చెరిపేసి, నా వైపు చూసి నవ్వాడు.

"ఇంత చదువు చెప్పే నేర్పు ఉండాది చూడండి మేడం దీనికి. డిగ్రీ కాంగానే బి.ఇడి. చేయిస్తా. ఊర్లోనే టీచరైతాది. ఎప్పుడో అనుకునేసినాం అది" అన్నాడు.

రేఖ పేజీలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ మౌనం నాకు ల్యాబులో చూసినదే. కానీ అది తండ్రీ కూతుళ్ల సంగతి. నేను నోరు మూసుకోవడం అరుదు, ఆ రోజు మూసుకున్నాను.

పిల్లలు పాత పుస్తకాలు తెచ్చి కొత్తవి పట్టుకుపోయారు. తేనివాళ్ల కోసం ఓబులేసు స్వయంగా హాస్టల్ గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. బట్టీ పట్టిన తప్పు వదిలించడం తేలిక కాదు. నేను గొంతు పోయేలా అరిచాను, రేఖ మెల్లగా పక్కన కూర్చుని చెప్పింది. నా అరుపులకంటే ఆ పిల్ల మాటే ఎక్కువ పనిచేసింది. ఇప్పుడామె దాయవలసింది ఏమీ లేదు.

ప్రాక్టికల్ రోజు ఎగ్జామినర్ రేఖకు ఇచ్చింది కొంచెం చిక్కు ప్రోగ్రామే. ఒక షరతు లోపల ఇంకో షరతు. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. ఆమె సరిగ్గా కొట్టింది. కొట్టి, ఎగ్జామినర్ దగ్గరికి రావడం చూసి, అన్నాళ్ల అలవాటు కొద్దీ వేళ్లు వాటంతటవే పోయి లోపలి లైనును అంచుకు లాగేశాయి. నాకు నోరు విప్పడానికి లేదు. రేఖ తెర వైపు చూసింది, తన చేతుల వైపు చూసుకుంది. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, తీసేసిన ఖాళీలన్నీ మళ్లీ కొట్టింది. ప్రోగ్రాం నడిచింది.

ఐశ్వర్య కూడా పాసైంది. ఒకరిద్దరు రెండు చుక్కలు మర్చిపోయి తిప్పలు పడ్డారు కానీ, అందరూ గట్టెక్కారు. గేటు బయట ఎండలో ఓబులేసు అంగడి మూసి వచ్చి నిలబడి ఉన్నాడు. పని ఉన్న రోజు అతను అంగడి మూయడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదట.

వేసవి సెలవులకు రాయదుర్గం పోతూ, చెప్పి పోదామని అంగడికి వెళ్లాను. బస్సుకు ఇంకా టైముంది. రేఖ కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తు నింపుతోంది. ఓబులేసు వెనక నిలబడి, మామూలుగానే ముందు ఎడమ అంచు చూసి, తర్వాత విషయం చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"పాపా, ఈడ ఎం.సి.ఎ. అని పడింది. కాలేజీ గూడా అనంతపురం అని వచ్చినాది. మనం అనుకున్నది బి.ఇడి. గదా?"

రేఖ వెనక్కి తిరగలేదు. ఆ పిల్ల ఇప్పుడు వేళ్లు ఆడిస్తే అక్కడి మూడక్షరాలూ పోతాయి, మళ్లీ ఎవరికీ ఏమీ తెలియదు. తండ్రి మురిసిపోతాడు.

ఓబులేసు వంగి తెర మీద ఆ అక్షరాల దగ్గర వేలు పెట్టాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఇది పొరపాటా, తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టినా నాయనా."

అతను నిటారుగా లేచి నిలబడ్డాడు. బయట బస్సు హారన్ వినిపించింది.

"అయితే నేను ముట్టుకోను" అన్నాడు.